దెయ్యం బుగ్గన దిష్టిచుక్క

మా పిన్ని పోయింది. కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో మిరప బస్తాలకు చీటీలు రాస్తుంటే బాబాయి ఫోన్ చేశాడు. "మీ పిన్ని మధ్యాహ్నం పడుకుందే. టీ పెట్టి లేపుతుంటే లేవట్లేదు" అన్నాడు. ఆ గొంతు వినగానే నాకు అర్థమైపోయింది. ఆయనకే ఇంకా అర్థం కాలేదు. ఆటో ఎక్కి వెళ్ళేసరికి మంచం పక్కన స్టూలు మీద టీ గ్లాసు అలాగే ఉంది. వంటింట్లో సాయంత్రానికని నానబోసిన మినప్పప్పూ అలాగే ఉంది.

కరువుదీరా ఏడ్చాను. కానీ ఆవిడ ఒక పని ఒప్పుకుని, అది పూర్తికాకుండానే వెళ్ళిపోయింది. ఆ పని ఏమైందో అందరికీ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పిన్నిది అద్దంకి దగ్గర పల్లెటూరు. మిరప కల్లాల్లో ఆడుకుని పెరిగిన మనిషి. పెళ్ళయి గుంటూరు వచ్చాక మా పక్క వీధిలోనే కాపురం. పెళ్ళిళ్ళకీ సారెలకీ పిండివంటలు చేసిచ్చేది. పిండి కలుపుతూ దాంతో పోట్లాడటం ఆవిడ అలవాటు. "ఏమే, అంత పొగరా నీకు? సాగవూ? ఎట్లా సాగవో నేనూ చూస్తా!" అని తిడుతుంటే, చిన్నప్పుడు నన్నే అనుకుని బిక్కమొహం వేసేదాన్ని. "నిన్ను కాదులేవే పిచ్చిమొహమా" అని నా నోట్లో ఓ చేగోడీ పెట్టేది.

నిరుడు దసరా వెళ్ళాక, పక్క అపార్ట్‌మెంట్ నుంచి ఒకావిడ వచ్చింది. అక్టోబరు చివర్లో వాళ్ళ పాప పుట్టినరోజట. ఆ రోజుల్లో అమెరికాలో చేసుకునేలాంటి దెయ్యాల పార్టీ చేస్తారట. కేకు ఎలాగూ ఉంది కాబట్టి తీపి వద్దు, కారపు రకాలే కావాలి, అవన్నీ చూడ్డానికి భయంకరంగా ఉండాలి అంది.

పిన్ని నోరెళ్ళబెట్టింది. "శుభమా అని బిడ్డ పుట్టినరోజు పెట్టుకుని ఈ దెయ్యాలేంటండీ?"

ఆవిడ నవ్వి ఫోనులో ఒక ఫోటో చూపించింది. కళ్ళూ కోరపళ్ళూ చెక్కిన గుమ్మడికాయ. పిన్ని ఫోను దూరంగా పట్టుకుని చూసి, "ఓస్, ఇంతేనా! మనం గుమ్మానికి కట్టుకునే దిష్టి గుమ్మడికాయేగా. మా చేలో దిష్టిబొమ్మకి ఇంతకంటే పెద్ద కోరలుండేవి. మన పక్షాన నిలబడే దెయ్యాలే కదండీ, చేసేద్దాం" అంది.

చేసింది కూడా. చేగోడీల పిండిని వేళ్ళలా పామి, చాకుతో కణుపులు గీసి, కొసన పల్లీబద్ద గోరులా అద్ది వేయించింది. మిరపకాయ బజ్జీలకు మైదాపిండి పేలికలు కట్టుగుడ్డల్లా చుట్టి శవాల్లా తయారుచేసింది. స్పూన్లలో ఇడ్లీపిండి పోసి ఆవిరికి పెడితే పొడుగాటి తెల్ల దెయ్యాలు వచ్చాయి. మిరియపు గింజలే కళ్ళు. చివర్లో ఒక్కోదాని బుగ్గ మీదా ఒక నల్ల నువ్వుగింజ అంటించింది. అదేంటంటే దిష్టిచుక్క అంది.

"దెయ్యానికి దిష్టేంటి పిన్నీ!"

"ముద్దుగా ఉంది కదే. తగలదూ మరి?"

అంతా బాగానే ఉంది. కొంప ముంచింది రక్తం. దెయ్యాలను ముంచుకు తినడానికి రక్తంలా ఎర్రటి పచ్చడి చేసింది. వేలితో నాకి, "ఇదీ ఒక కారమేనా, చప్పిడి" అని ఇంకో గుప్పెడు ఎండుమిరపకాయలు నూరి కలిపింది. నేనూ రుచి చూసి తలూపాను. మిరప ఘాటులో బతికే మా ఇద్దరి నాలుకలకూ అది చప్పిడే మరి. పార్టీలో పసిపిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. ఒక పిల్లోడు కుళాయి కింద నాలుక పెట్టి కూర్చున్నాడట. "దెయ్యాలను చూసి జడుసుకుంటారనుకున్నామండీ. పచ్చడి తిని ఏడ్చారు" అంది ఆ పాప తల్లి.

పిన్ని మొహం మాడిపోయింది. తన చేతి వంట తిని పిల్లలు ఏడవడమన్నది ఆవిడ జన్మలో లేదు. "తల్లీ, వచ్చే ఏడు కూడా నాకే ఇవ్వండి. ఈసారి ఒక్క బిడ్డ ఏడ్చినా నా మూకుడు బోర్లించేస్తా, మళ్ళీ పొయ్యెక్కించను" అంది. ఉత్తిమాటకి అనే మనిషి కాదు.

ఆ రోజు నుంచి మా బాబాయికి తిప్పలు మొదలయ్యాయి. ఆయనకు కడుపులో పుండు. ఏళ్ళ తరబడి కారం ముట్టడు. పెరుగన్నం మనిషి. "నా నాలుకను నమ్మకూడదే. తినేవాళ్ళ నాలుకతో చూడాలి" అని పిన్ని ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి పచ్చడి నాకించేది. నుదుటి మీద చెమట పట్టిందా, గిన్నె వెనక్కి. "నన్ను చంపడానికే ఈ రక్తం చేస్తున్నావు" అని ఆయన, "చస్తే మీరూ పార్టీకి పనికొస్తారులెండి" అని ఈవిడ. రంగే తప్ప ఘాటు లేని బ్యాడిగి కాయ తెప్పించింది. బీట్‌రూట్ ఉడకేసి కలిపింది. మొన్న వినాయక చవితి దాటాక ఒకనాడు బాబాయి చెమట పట్టకుండా గిన్నె నాకేశాడు. పిన్ని చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది.

పార్టీ ఇంకో వారం ఉందనగా పోయింది.

ఆ తల్లికి నేనే ఫోన్ చేసి చెప్పాను. పాపం, ఆవిడ కంగారుపడిపోయింది. "అయ్యో, ఇలాంటప్పుడు పనేంటండీ, మానేద్దాం" అంది. "మానొద్దండీ. ఆవిడ మాటిచ్చింది. మా ఇంట్లో నేను చేస్తాను" అన్నాను. మా ఇంటిపేరు వేరు కాబట్టి మాకు మైల లేదు. అయినా బాబాయి వాళ్ళ అక్క ఊరుకుంటుందా! "పెద్దకర్మ కాకుండానే మూకుడు పెడతావుటే? సొంత పిన్ని చితి చల్లారకముందే నూనె కాగబెడతావా?" అని వాకిట్లోనే కడిగేసింది.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మాటను మా అమ్మ కూడా పట్టుకుంది. పోయింది ఆవిడ చెల్లెలు కదా, కాదనలేకపోయాను. వంటింట్లో నిలబడి ఆలోచించాను. మూకుడు పెట్టొద్దన్నారు, సరే. ఇడ్లీపాత్ర పెట్టొద్దని ఎవరూ అనలేదుగా! బజ్జీలు ఎత్తేశాను. ఇడ్లీ దెయ్యాలు ఎలాగూ ఆవిరివే. వేళ్ళను ఉండ్రాళ్ళ పిండితో చేసి ఆవిరికి పెట్టాను. వేయించినవాటి కంటే ఇవే తెల్లగా, మెత్తగా, నిజం వేళ్ళలా వచ్చి నాకే ఒళ్ళు జలదరించింది. ఉడికిన ఉండలకు మిరియం గుచ్చితే కనుగుడ్లు. ఒక్క చుక్క నూనె కాగలేదు.

ఇక మిగిలింది రక్తం. పిన్ని చేస్తుంటే చూశానే గానీ చేత్తో చేసి ఎరగను. చేసి, బాబాయి గడప దాటకూడదు కనక గిన్నెలో పట్టుకెళ్ళాను. నాలుక మీద పెట్టుకున్నాడో లేదో నుదురంతా చెమట. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. "పోనీవే, పచ్చడి లేకుండా పంపించు" అన్నాడు. "కుదరదు బాబాయ్" అన్నాను. ఇంటికొచ్చి బ్యాడిగి కాయలు నానబోస్తుంటే గుర్తొచ్చింది. పిన్ని ఆ నానిన నీళ్ళతో నూరేది కాదు. గింజలన్నీ దులిపి, ఆ ఎర్రనీళ్ళు పారబోసి, కాయలను కుళాయి కింద కడిగి, మంచినీళ్ళతో నూరేది. నేనేమో రంగు పోతుందని ఆ నీళ్ళే పోస్తున్నాను. కడిగి నూరాను. పట్టుకెళ్ళాను.

బాబాయి వేలితో నాకాడు. నుదురు పొడిగా ఉంది. కళ్ళే నిండాయి.

"ఘాటుగా ఉందా బాబాయ్? నీళ్ళివ్వనా?"

"వద్దే. ఇదే. మీ పిన్ని చేసిందే ఇది."

పార్టీ సాయంత్రం ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. చదువుకునే రోజుల్లో పరీక్షలకు కూడా అంత భయపడలేదు. ఆ తల్లి ఫోన్ చేసి, "ఒక్కళ్ళూ ఏడవలేదండీ. గిన్నె అడుగు కూడా వేళ్ళతో ఊడ్చుకు తిన్నారు" అంది. కాస్త ఆగి, "ప్రతి దెయ్యం బుగ్గనా నల్ల చుక్క ఉందేంటి, ఇది దెయ్యం పాపాయా అని మా అమ్మాయి అడుగుతోంది" అంది. అవునని చెప్పమన్నాను. ఫోను పెట్టేసి, అప్పుడు మళ్ళీ ఏడ్చాను.

పెద్దకర్మ నాడు పిన్ని మూకుడును గోడ మేకు మీంచి నేనే దింపాను. కడిగి, పసుపు రాసి, పొయ్యెక్కించి నూనె పోశాను. బోర్లించాల్సిన పని పడలేదు. గారెలు వేశాం. దండ వేసిన ఫోటో ముందు విస్తరి పరిచి ఆవిడకు ఇష్టమైనవన్నీ వడ్డించాం. నేను ఒక ఇడ్లీ దెయ్యాన్ని కూడా పెట్టాను, బుగ్గన చుక్కతో, పక్కన చెంచాడు రక్తంతో. బాబాయి వాళ్ళ అక్క చూసి, దాని పక్కనే ఇంకో గారె వడ్డించింది.

అందరూ దణ్ణం పెట్టుకుని పక్కకు జరిగాక బాబాయి లేచాడు. వంటింట్లోకి వెళ్ళి, ఇన్నేళ్ళుగా చెయ్యి పెట్టని కారం డబ్బా మూత తీశాడు. గుప్పెడు కారం తెచ్చి, ఆ పచ్చడి మీద వంగి జాగ్రత్తగా చల్లాడు.

"ఇది చప్పిడి అంటుందే మీ పిన్ని" అన్నాడు.