అచ్చు వదలని బంపర్

వీధిలో అతన్ని పాదరసం అంటారు. కూర్చున్నచోట కుదురుగా ఉండడు. అలాంటివాడు ఎంచుకున్నదేమో ఆరేదాకా ఆగాల్సిన పని. ఇంటి వెనక రేకుల షెడ్డులో వ్యాన్లకూ ఆటోలకూ ఫైబర్ బంపర్లు, మడ్‌గార్డులు చేస్తాడు. అంటుకుపోకుండా అచ్చు లోపల మైనం రుద్ది, ఫైబర్ మ్యాట్ పరిచి, రెజిన్ అనే ఘాటు జిగురు పూసి, గట్టిపడ్డాక ఊడదీయాలి. శ్రమ సౌందర్యం గురించి ఉపన్యసించేవారు ఆ వాసనలో ఒక్క పూట నిలబడితే నోరు మూసుకుంటారు. ముందు ముక్కు మూసుకుంటారనుకోండి.

వాక్యం పూర్తి చేసే ఓపిక కూడా అతనికి లేదు. "అది తే", "ఇటు పట్టు", "అయిందా?" మిగతా సగం భార్యే పూరించుకోవాలి. మైనం రుద్దడం ఆవిడ వంతు.

ఆ ఉదయం ఒక పాత వ్యాన్‌కు బంపర్ చెయ్యాలి. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదు. అచ్చు తీసిన అసలు బంపర్ ఎప్పుడో తుక్కులో కలిసిపోయింది. వ్యాన్లవాళ్లు అతని గుమ్మం తొక్కేది ఆ ఒక్క అచ్చు కోసమే. షెడ్డులోంచి "అయిందా?" అని కేకేశాడు. పొయ్యి దగ్గరున్న ఆవిడ "అయింది" అంది. అతను రెజిన్ కలిపేశాడు.

మధ్యాహ్నానికి బంపర్ అచ్చును కరుచుకుపోయింది. సందుల్లో చెక్క చీలికలు దూర్చాడు, వేణ్ణీళ్లు పోశాడు, రబ్బరు సుత్తితో తట్టాడు. ఉడుం పట్టు.

"మైనం అయిందన్నావుగా?"

"వంట అయిందన్నాను. మీరు మైనం మాటెత్తితేగా."

"పొద్దున్నే వంట గురించి ఎవడడిగాడే?"

"రోజూ అడిగేదెవరు మరి?"

బంపర్ కోసం వచ్చిన వ్యాన్ డ్రైవర్ చొక్కా చేతులు మడిచాడు. "బాబాయ్, పలుగుతో ఒక్క పోటు పొడిస్తే అదే వస్తుంది."

పాదరసం పలుగు అందుకున్నాడు. ఆవిడ అడ్డం నిలబడింది. "అచ్చు పగిలితే రేపేం చేస్తారు, గాలిలో పోస్తారా? బంపర్నే కోసెయ్యండి."

గ్రైండర్‌తో కోయడమంటే పైపొరను మాత్రమే కోయాలి. వెంట్రుకవాసి లోతుకు దిగినా అచ్చు తెగుతుంది. చేయి ఉరికినప్పుడల్లా ఆవిడ అతని భుజం నొక్కింది. బంపర్ పేలికలు పేలికలుగా ఊడివచ్చింది. ఆవిడ అచ్చంతా అరచేత్తో తడిమి ఒకచోట ఆగింది.

"గీత పడింది."

"పుట్టీ పెడితే పోతుంది." పెట్టేశాడు కూడా. ఆ చేత్తోనే రెజిన్ డబ్బా వైపు తిరిగాడు. అప్పటికే ఆవిడ దాని మీద కూర్చుంది.

"పుట్టీ ఆరనివ్వండి."

"నా బండి?" అన్నాడు డ్రైవర్.

"నువ్వూ కూర్చో నాయనా."

డ్రైవర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాదరసం చెప్పులు వేసుకున్నాడు, విప్పాడు, మళ్లీ వేసుకున్నాడు.