మాటకు అడ్డం రాని పిల్ల

మా నైనిక ఇక్కడే, అమెరికాలో, చాండ్లర్‌లో పుట్టింది. నా కూతురు వసుమతికి ఒక్కతే. ఈ ఊళ్లో మనవాళ్ల పిల్లలు ఎవరిని కదిపినా కంప్యూటర్ అంటారు, లేదంటే డాక్టర్ అంటారు. ఇది నేవీలో చేరింది. యుద్ధవిమానంలో ముందు పైలట్ కూర్చుంటే వెనక సీటు దీనిది. గుళ్లో ఆడవాళ్లు అడిగితే వసుమతి "ఏవియేషన్ సైడ్" అని నసుగుతుంది. ఎందుకు నసగాలి? నేనైతే "యుద్ధానికి పోయే పిల్ల" అని మొహం మీదే చెబుతాను. వాళ్లకు పులిహోర గొంతులో అడ్డం పడుతుంది.

దాని పనేమిటో అదే నాకు చెప్పింది. శత్రువు నేల మీద క్షిపణులు పెట్టుకుని, రాడార్‌తో ఆకాశాన్ని కాపలా కాస్తుంటాడు. బాంబులు వేసే విమానాలు వెళ్లాలంటే ముందు ఆ రాడార్ కళ్లు మూయించాలి. ఈ పనికి సీడ్ అని పొడి అక్షరాల పేరు. అందరికంటే ముందు వెళ్లేది వీళ్లు, అందరూ వెనక్కి మళ్లాక తిరిగొచ్చేదీ వీళ్లే. రాడార్ పని మొదలుపెడితేనే అది ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది. మొదలుపెట్టాలంటే దానికి ఏదో ఒకటి కనబడాలి. ఆ కనబడేది నా మనవరాలి విమానం.

"అంటే నువ్వు ఎరవన్నమాట," అన్నాను.

"కైండ్ ఆఫ్, అమ్మమ్మా. బట్ పళ్లున్న ఎర," అంది.

అక్కడ వాక్యాలుండవు, ఒక్కో మాటే. నేల మీది రాడార్ మనల్ని పసిగడితే "మడ్", దాని వెంట గడియారం లెక్కన దిక్కు. మన మీదికి క్షిపణి బయల్దేరితే "సింగర్". మన క్షిపణి ఆ రాడార్ మీదికి వెళ్తే "మ్యాగ్నమ్". మనల్ని ఎవరూ చూడటం లేదంటే "నేకెడ్". ఈ చివరి మాటను అది దేవుడి గది ముందు నిలబడి గట్టిగా వల్లె వేస్తుంటే, వ్రతానికి పిలవడానికి వచ్చినావిడ చెప్పులు విప్పకుండానే వెళ్లిపోయింది.

మాటలన్నీ నోటికి వచ్చు. అయినా మొన్న పరీక్ష తప్పింది.

సిమ్యులేటర్ అని, నేల మీదే ఉండి ఎగిరినట్టు చేసే గది. ముందు సీట్లో కమాండర్. వయసులోనూ హోదాలోనూ దీనికంటే చాలా పెద్ద. ఆయన మిగతా విమానాలతో రేడియోలో మాట్లాడుతున్నాడు. శత్రువు రాడార్ పసిగట్టిందని దీని చెవిలో కూత మోగింది. ఆయన మాట పూర్తవనీ అని ఇది ఆగింది. ఆ మాట పూర్తి కానేలేదు. తెర మీద విమానం తునాతునకలైంది.

ఎందుకు ఆగావని అక్కడివాళ్లు అడిగితే, "హి వాజ్ టాకింగ్" అందట. వాళ్లకు ఆ జవాబు బుర్రకెక్కలేదు. నాకు ఎక్కింది. మా ఇంట్లో పెద్దవాళ్ల మాటకు అడ్డం వచ్చిన పిల్లకు నా తొడపాశం రుచి తెలుసు. ఇంట్లో అది మంచి బుద్ధి. ఇప్పటికీ అదే అంటాను. ఆకాశంలో పనికిరాకపోతే అది ఆకాశం ఖర్మ.

ఇంకొక్క పరీక్ష మిగిలింది. అదీ తప్పితే ఇక విమానం ఎక్కనివ్వరు, ఆఫీసులో కుర్చీ వేస్తారు. సెలవు పెట్టి ఇంటికొచ్చిన పిల్ల తిండి సయించక, గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. వసుమతి మాత్రం కాలు నిలవక గుడికి తిరుగుతోంది. ఏం మొక్కుతోందో నాకు తెలుసు. పిల్ల తప్పాలని.

ఆదివారం పొద్దున నైనికను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాను. గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తూ చెప్పాను: "ఫోన్‌లో కూత పెట్టవే. ఎప్పుడు మోగేదీ నీకే తెలియకూడదు. మోగిందా, ఎవరు మాట్లాడుతున్నా మధ్యలోనే నరికెయ్."

మాట్లాడటానికి అల్లుడు శ్రీధర్‌ను పిలిచాను. కామాలే గాని ఫుల్‌స్టాప్ తెలియని మనిషి. స్విమ్మింగ్ పూల్ మోటారు గురించి ఎత్తుకున్నాడు. ఫోన్ కూసింది. పిల్ల నోరు తెరిచింది, మూసింది. అతను ఊపిరి తీసుకున్నాక, "మడ్..." అంది.

"చచ్చావు," అన్నాను.

మళ్లీ పెట్టాం. మళ్లీ చచ్చింది. ఈసారి నేనే మాట్లాడాను, దాని జుట్టు మొదలుకొని వంట దాకా ఏకిపారేశాను. కూత వచ్చింది. పిల్ల మళ్లీ గోరు కొరికింది.

"అమ్మమ్మా, ఐ కాంట్. నువ్వు మాట్లాడుతున్నావ్ కదా."

"నేను మాట్లాడుతూనే ఉంటాను. వాడు పేల్చేస్తాడు. మళ్లీ పెట్టు."

సింక్ దగ్గర గిన్నె ఠంగుమని పడింది. వసుమతి చేతులు తుడుచుకోకుండానే వచ్చింది.

"ఇక ఆపు అమ్మా! చచ్చావు, చచ్చావు అని పొద్దున్నే ఆ మాటేంటి? పాసైతే దీన్ని ఎక్కడికి పంపుతారో తెలుసా నీకు?" నా మీద అరిచి, కూతురి వైపు తిరిగింది. కళ్లనీళ్లు పెట్టుకుంది. "బంగారం, మీటింగ్‌లో ఉన్నప్పుడు తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే నేను ఎత్తలేనే. నువ్వు చాలా కష్టపడ్డావు, ఐ నో. కానీ నాకోసం ఫెయిలైపో. ఒక్కసారి. ఇంటికొచ్చెయ్, ఏ జాబ్ అయినా చేసుకో, నిన్ను నేను ఇంకేమీ అడగను, నేను..."

ఫోన్ కూసింది.

"మడ్, త్రీ ఓ'క్లాక్!"

తల్లి ఏడుపు మధ్యలో తెగిపోయింది. వసుమతి నోరు తెరిచినట్టే ఉంది, బుగ్గ మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి. శ్రీధర్ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఆగిపోయాడు.

నైనిక రెండు చేతులతో నోరు మూసుకుంది. "సారీ అమ్మా. సారీ, సారీ."

వసుమతి ముఖం తుడుచుకుంది. "టైమ్‌కే చెప్పావా?"

పిల్ల తలూపింది.

"అయితే సారీ ఎందుకు?" అని మేడ మీదికి వెళ్లిపోయింది. గది తలుపు గడియ పడింది.

సెలవు అయిపోయి పిల్ల తిరిగి వెళ్లింది. పరీక్ష రోజున వసుమతి దీపం పెట్టి, చేతులు జోడించి, చాలాసేపు నిలబడింది. ఏం అడిగావే అన్నాను. "ఏమీ అడగలేదు. ఏం అడగాలో తెలియలేదు," అంది. ఆ రోజు ఆఫీస్‌కి వెళ్లలేదు. ఫోన్‌ను ఎదురుగా పెట్టుకుని, పాము వంక చూసినట్టు చూస్తూ కూర్చుంది. నేను కసిరితే కాఫీ ముట్టుకుంది గాని తాగలేదు.

సాయంత్రం ఎండ తగ్గుతుండగా మోగింది. స్పీకర్‌లో పెట్టింది.

"అమ్మా, పాస్! కమాండర్‌ని రెండుసార్లు కట్ చేశాను. దిగాక షేక్ హ్యాండ్ ఇచ్చాడు తెలుసా!"

శ్రీధర్ చప్పట్లు కొట్టాడు. నేను "నా మనవరాలివి" అన్నాను. వసుమతి ఒక్కటే అడిగింది, "ఎప్పుడు వెళ్తావు?"

"దట్ ఐ కాంట్ టెల్ యూ, అమ్మా."

అంటే తేదీ వచ్చేసిందన్నమాట. వసుమతి కళ్లు మూసుకుని, తెరిచింది.

"సరే. వేళకు తిను," అంది.

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లింది. కుళాయి నీళ్ల చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు. వెళ్లి చూస్తే, నేను పొద్దున్నే తోమి బోర్లించిన గిన్నెలు మళ్లీ తోముతోంది. పీచు నా చేతికి ఇవ్వమని అడగలేదు. పక్కన నిలబడి, కడిగినవి అందుకుని తుడిచాను.