ప్రత్యక్షం

మా మేనత్తను పేటంతా గుండీల అత్త అంటారు. సినిమాహాలు పక్కసందులో ఆమెది తలుపంత కొట్టు. ఊడిన గుండీలు కుడుతుంది, పాడైన జిప్పులు మారుస్తుంది. నోరు మాత్రం మహా గట్టిది. పొట్ట దగ్గర గుండీ ఊడిందని ఎవరైనా చొక్కా తెస్తే, "గుండీ తప్పేం లేదు నాయనా, తిండి తగ్గించు" అని మొహం మీదే అనేస్తుంది.

అలాంటి మనిషి ఒక్క మాట మాత్రం అనదు, మమ్మల్నీ అననివ్వదు. కూతురు పోయిందని. ఎవరైనా అడిగితే "ఊళ్ళో లేదు" అంటుంది.

ఆ కూతురు నాకు వదిన వరస. ఒకే ఈడువాళ్ళం కాబట్టి ఒసే అంటే ఒసే అనుకునేవాళ్ళం. బ్యాలే నాట్యం నేర్చుకుని మహానగరంలో ఓ పెద్ద బృందంలో చేరింది. ప్రదర్శనకు వెళ్తుంటే వాళ్ళ బస్సు వంతెన మీంచి పడింది. పెట్టెలో తీసుకొచ్చారు. మూత తీసి చూసింది ఇంట్లో నేనొక్కదాన్నే. అత్త కొట్లోంచి కదల్లేదు. "నేను చూడను. చూస్తే నిజమైపోతుంది" అంటూ ఎవరిదో కోటుకు గుండీలు కుడుతూ కూర్చుంది.

నేను ఆ సినిమాహాల్లోనే గేటు దగ్గర టిక్కెట్లు చింపుతాను. ఈ చలికాలం మా మేనేజరు గోడకు కొత్త పోస్టరు అంటించాడు. వదిన ఆడిన బృందమే. కింద పెద్ద అక్షరాలతో 'ప్రత్యక్ష ప్రసారం' అని ఉంది. అత్త దాని ముందే నిలబడిపోయింది.

"ప్రత్యక్షం అంటే ఏంటే?"

"అక్కడ వాళ్ళు ఆడుతుంటే, ఆడుతున్నది ఆడుతున్నట్టే ఇక్కడ కనిపిస్తుందత్తా. లైవు."

"అయితే కనిపించేవాళ్ళంతా బతికున్నవాళ్ళేగా?"

"మరి! చచ్చినవాళ్ళెలా ఆడతారు?"

అనేశాక నాలిక కరుచుకున్నాను. ఏం లాభం? ప్రత్యక్షమంటే దేవుడిలా కళ్ళముందుకు రావడమే ఆమెకు తెలిసిన అర్థం. దానికి నా తెలివితక్కువ మాటొకటి తోడైంది. కూతురు తెరమీద కనబడిందా, బతికున్నట్టే. అత్త మొహం వెలిగిపోయింది.

ఆట రోజు అత్త తల నున్నగా దువ్వుకుని వచ్చింది. వాళ్ళకీ మనం కనిపిస్తామేమో అని అడిగింది. కనిపించమన్నాను. అయినా కొంగు సర్దుకుంది.

దీపాలారాయి. తెల్లబట్టల ఆడపిల్లలు వరసగా వచ్చారు. అందరికీ ఒకే పౌడరు, ఒకే ముడి. ఎవరు ఎవరో కన్నతల్లికైనా తెలియదనుకుని ధైర్యంగా కూర్చున్నాను.

"అదిగో, చివరి పిల్ల" అంది అత్త.

చూశాను. ఎడమ భుజం కాస్త ఎత్తి మెడ వాల్చడం అచ్చం మా వదినే. అది కాదని నాకు తెలుసు. తెలిసీ చూపు తిప్పుకోలేకపోయాను. అత్త నా చెయ్యి నొక్కేస్తోంది. "చూశావా? ఊళ్ళో లేదన్నానా లేదా?"

అంతలో, ఆ పిల్ల మొహాన్ని దగ్గరగా చూపిస్తుండగా, బొమ్మ ఆగిపోయింది. పాటా ఆగింది. సిగ్నల్ పోయిందట. "ఓయ్ ఆపరేటరూ, నిద్రపోయావా?" అని వెనకనుంచి కేకలు, ఈలలు. తెర నిండా ఆ పిల్ల మొహమే. కళ్ళు మూసుకుని ఉన్నాయి. తెల్లటి బుగ్గలు, కొంచెం విడిన పెదాలు.

అత్త లేచి తెర దగ్గరికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. తలెత్తి చాలాసేపు చూసింది. ఆ రోజు కొట్లో కూర్చుని చూడనన్న మొహాన్నే ఇప్పుడు చూస్తోందని నాకు అర్థమైంది.

"పెట్టెలో ఇలాగే ఉందా?" అంది.

ఇన్నాళ్ళలో ఆమె నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. బొంకడానికి నోరు రాలేదు.

"ఇలాగేనత్తా. నిద్రపోతున్నట్టే ఉంది."

"ఏమైనా బాధపడ్డట్టుందా?"

"లేదత్తా."

"పోయిందన్నమాట" అంది అత్త. అని మెల్లగా తల ఊపింది.

గరగరమని పాట మళ్ళీ మొదలైంది. తెరమీది పిల్ల కళ్ళు తెరిచి, భుజం ఎగరేసి గిర్రున తిరిగింది. హాలంతా చప్పట్లు. అత్త రెండు చేతులతో నన్ను పట్టేసుకుంది.

"ఇంక చాలు, ఆపమనవే దాన్ని. అలిసిపోయిందే నా తల్లి. కాస్త పడుకోనివ్వమనవే!"

ఆపరేటరు గది వైపు తిరిగి, ఆపమని రెండు చేతులూ ఊపాను. అతను గాజు కిటికీలోంచి చూసి, లైవు కదా, తన చేతిలో ఏమీ లేదన్నట్టు అడ్డంగా తలూపాడు.