బొమ్మ మారిన పది

ఆ బస్సెక్కేవాళ్ళెవరికీ కండక్టరమ్మ అసలు పేరు తెలియదు. అందరికీ తక్కెడక్కే. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ చిల్లరకేసి చూసిన పాపాన పోలేదు. నాణెం వేలికి తగిలితే చాలు, ఐదైనా పదైనా, భుజాన వేలాడే సంచిలో దాని అరలోకి అది వెళ్ళిపోయేది. చెల్లని బిళ్ళ అంటగట్టబోయిన ఘనులు నలుగురిలో చీవాట్లు తిన్నారు. దానికి ఆవిడకి కాస్త గర్వం కూడా ఉండేది. ఉండదూ మరి!

అలాంటి మనిషికి ఒకరోజు డిపో క్యాషియరు కిటికీలోంచి ఒక నాణెం వెనక్కి తోశాడు.

"ఇదేంటమ్మా? పది మీద బొమ్మ వేరేగా ఉంది. స్మారక నాణెం. ఇంట్లో దాచుకోవడానికే గాని చెల్లదు. నీ వేళ్ళు కూడా మోసపోయాయా?"

అతను నవ్వుతూ అన్నాడు. తక్కెడక్కకి మాత్రం గుండె జారిపోయింది. పది పోతే పోయింది, ఆ భయం కాదు. మూడు నెలలుగా ఆవిడ వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతున్నాయి. మొగుడికి కూడా చెప్పలేదు. పోయినేడు చూపు మందగించిన డ్రైవరన్నని డాక్టరు పరీక్షకి పంపి, వారం తిరక్కుండా ఉద్యోగం నుంచి తీసేశారు. ఆయనిప్పుడు స్టాండులో బెంచీ మీద కూర్చుని, వచ్చిన ప్రతి బస్సు నంబరూ పక్కవాళ్ళని అడుగుతుంటాడు. ఆ బెంచీలో ఇంకొకరికి చోటుందన్న సంగతి తక్కెడక్కకి రోజూ కళ్ళబడుతూనే ఉంది.

మర్నాడు డ్యూటీకి ముందే బ్యాంకుకి పరుగెత్తింది. గుమాస్తా నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎందుకు చెల్లదక్కా? వీటిలో రెండు రకాలు. కొన్నిటిని పెట్టెలో పెట్టి ఎక్కువ ధరకి అమ్ముతారు. అవి దాచుకునేవాళ్ళకి, బజారుకి రావు. ఇది మామూలు పదితో పాటే బజార్లోకి వదిలింది. అదే సైజు, అదే బరువు, అదే అంచు. బొమ్మొక్కటే వేరు. మీ క్యాషియరు తీసుకోవాల్సిందే."

"బరువూ అంచూ ఒకటేనా?"

"ముమ్మాటికీ."

ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది. తేడాయే లేనప్పుడు వేళ్ళు మాత్రం ఏం కనిపెడతాయి! ఆ సంబరంలో పాత గర్వం తన్నుకొచ్చింది.

"కళ్ళు మూసుకుంటా తమ్ముడూ. ఇదీ, మామూలు పదీ చెరో చేతిలో పెట్టు. నేనూ చూస్తా."

గుమాస్తా ఒక్కో చేతి వేళ్ళ మధ్య ఒక్కో నాణెం పెట్టాడు. తక్కెడక్క తడిమింది, అంచు చుట్టూ బొటనవేలు తిప్పింది.

"నిజమే! రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి."

అతను పకపకా నవ్వాడు. "భలేవారక్కా! ఆటపట్టిద్దామని ఎడం చేతిలో ఐదు బిళ్ళ పెట్టా. ఇట్టే పట్టేస్తారనుకున్నా."

ఆవిడ కళ్ళు తెరిచింది. కుడిచేతిలో పది. ఎడంచేతిలో, దానికన్నా చిన్నదైన ఐదు.

ఆవిడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? "ఏదో పరధ్యానంలో ఉన్నాలే" అని బయటపడింది.

మధ్యాహ్నం బస్సు స్టాండులోకి తిరిగింది. బెంచీ ఉన్న వైపు ఆవిడ చూడలేదు. రోజూ ఎక్కే టైలరు చిల్లర ఇచ్చాడు. తక్కెడక్క ఆ నాణేలని కిటికీ వెలుతురుకి పట్టి ఒక్కొక్కటే చూసింది.

"ఏంటక్కా, ఎన్నడూ లేంది అలా చూస్తున్నావు?"

"కొత్త బొమ్మలొస్తున్నాయిగా నాయనా," అంది తలెత్తకుండా. "బాగుంటాయి, చూసుకుంటున్నా."