ఆరు పౌన్ల దారం

నా చిన్నప్పుడు విదేశంలో, మేముండే బాతెల్‌లో మా వీధి మొత్తానికి తెలుగువాళ్ళవి రెండే ఇళ్ళు. ఒకటి మాది, రెండోది పక్కింటి ఆంటీది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. పుట్టింది భీమిలి దగ్గర, వలలు అల్లే ఇంట్లో. సెలవు దొరికితే చాలు, రబ్బరు బూట్లు తొడుక్కుని గాలం కర్రలు కారులో వేసుకుని బయల్దేరేది. నాకు పదేళ్ళు నిండాక, మా అమ్మని అడిగి నన్నూ తీసుకెళ్ళడం మొదలుపెట్టింది.

ఆవిడ గరాజ్‌లో ఒక అరనిండా దారపు చుట్టలుండేవి. ఒక్కోదాని మీద ఒక్కో అంకె: నాలుగు, ఆరు, పది, పదిహేను. అన్ని పౌన్ల చేపకి అంత దారమని నేను అనుకున్నాను. తీరా ఒకరోజు ఆవిడ ఆరు పౌన్ల దారంతో ఎనిమిది పౌన్ల చేపని ఒడ్డుకి తెచ్చింది. అప్పట్నుంచి నాకు మనసు నిలవలేదు. “ఆంటీ, సిక్స్ పౌండ్ లైన్‌తో ఎయిట్ పౌండ్ ఫిష్ ఎలా వచ్చింది?” అని కనిపించినప్పుడల్లా అడిగేదాన్ని. చెబితే తెలిసేది కాదని, చూపిస్తానని అనేది.

సెప్టెంబర్‌లో ఒక శనివారం, చిన్న నది ఒకటి సముద్రంలో కలిసే చోటికి వెళ్ళాం. పొద్దున ట్రౌట్ అనే చేప కోసం గాలం వేశాం. నదిలో పుట్టి, సముద్రంలో తిరిగి, మళ్ళీ నదికి వచ్చే రకం అది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. నేను పట్టుబట్టి లావు దారమున్న కర్ర తీసుకున్నాను. గంటసేపు ఒక్కటీ నా వైపు రాలేదు. ఆరు పౌన్ల సన్న దారం వేసిన ఆవిడకి రెండు పడ్డాయి. నీళ్ళు ఇంత తేటగా ఉంటే లావు దారం చేపకి కనబడిపోతుందని చెప్పింది. నాకు అర్థమైంది మాత్రం సన్న దారమే గొప్పదని.

మధ్యాహ్నం ఆటు తిరిగి పోటు మొదలైంది. సాల్మన్లనే పెద్ద చేపలు వస్తాయని, నా చేతికి పదిహేను పౌన్ల దారమున్న కర్ర ఇచ్చి, తిండి డబ్బా తేవడానికి ఆవిడ కారు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ వీపు తిరగ్గానే ఆ కర్ర రాళ్ళ మీద పెట్టేసి, పొద్దుటి సన్న దారపు కర్ర తీసుకున్నాను. మూడోసారి విసిరేసరికి ఎవరో చెయ్యి పట్టుకుని లాగినట్టయింది. కర్ర మీద దారం చుట్టిన రీల్ గిర్రున తిరిగిపోతోంది. భయమేసి దాన్ని అరచేత్తో అదిమి పట్టాను. టప్పున శబ్దం. కర్ర ఒక్కసారిగా తేలికైపోయింది. కాస్త దూరంలో వెండిలా మెరుస్తూ పెద్ద సాల్మన్ ఒకటి పైకెగిరింది. దాని దవడ పక్కన నా ఎర్ర రేకు గాలం వేలాడుతోంది. మళ్ళీ నీళ్ళలో పడి కనపడలేదు.

ఆంటీ వచ్చేసరికి ముడి జారిపోయిందని చెప్పాను. ఆవిడ దారం కొస పట్టుకుని వెలుతురుకెత్తి చూసింది.

“ముడి జారితే కొస పందిపిల్ల తోకలాగ మెలి తిరుగుద్దమ్మా. ఇది తెగింది,” అంది. “నేను కోప్పడను. ఏం జరిగిందో చెప్పు, ఎందుకు తెగిందో ఇద్దరం చూద్దాం.”

చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆవిడ చేపల్ని తూచే చేతి కాటా తీసి, దాని కొక్కేనికి అదే ఆరు పౌన్ల దారం కట్టింది. కాటా తను పట్టుకుని, కర్రతో బలంకొద్దీ లాగమంది. కర్ర విల్లులా వంగిపోయింది. కాటా మీద ముల్లు రెండు పౌన్లు కూడా దాటలేదు. నేను నమ్మలేదు. తను కూడా లాగి చూపించింది, మూడు దాటలేదు. తరవాత కర్ర పక్కన పెట్టి, దారాన్ని చేతికి చుట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ముల్లు ఆరు దాటగానే ఠప్పున తెగింది. చివరికి కొత్త దారం కట్టి, ఒడ్డున రాతికి అంటుకున్న పదునైన గుల్లల మీద రెండుసార్లు రాపాడించి, మళ్ళీ లాగమంది. ఈసారి ముల్లు ఒకటి దగ్గరికి వచ్చేలోపే తెగిపోయింది.

ఇక ఆవిడ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు. కర్ర వంగుతుంది, రీల్ వదులుతుంది, అందుకే సన్న దారం పెద్ద చేపని మోస్తుంది. నేను వదలనివ్వలేదు. పైగా సాల్మన్‌కి పళ్ళుంటాయి, అది రాళ్ళలోకి, మునిగిన దుంగల కిందికి పరిగెడుతుంది. పదిహేను పౌన్ల దారం ఆ రాపిడికి తట్టుకోవడం కోసం. మరీ సన్న దారంతో గంటసేపు ఆడిస్తే చేప అలసి చచ్చిపోతుందని, అది ఆటా కాదు, జాలీ కాదని ఆవిడ అంది.

తిండి డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఆ చేప బతుకుతుందా అని అడిగాను. రోగుల ఇంటివాళ్ళు రోజూ ఆవిడని అడిగే ప్రశ్న అదేనని ఇప్పుడు తెలుస్తోంది.

“కొన్నిటికి గాలం తుప్పుపట్టి ఊడిపోద్ది. కొన్ని బతకవు. నీ చేప సంగతి నాకు తెలీదు,” అంది.

మా అమ్మయితే బతుకుతుందిలే అని ఊరుకోబెట్టేది. ఆ మాట విని హాయిగా నిద్రపోయేదాన్ని, మర్నాటికి మర్చిపోయేదాన్ని కూడా. ఆంటీ నన్ను మర్చిపోనివ్వలేదు. అలాగని తప్పు నా నెత్తిన మోపి వదిలేయనూ లేదు. పదిహేను పౌన్ల కర్ర మళ్ళీ చేతికిచ్చి, పొద్దు వాలేదాకా పక్కనే నిలబడింది. ఆరోజు నాకు ఇంకేమీ పడలేదు.

ఆంటీ ఇప్పుడు లేరు. నాకూ మోకాళ్ళు అరిగాయి. శరదృతువులో సాల్మన్లు మా ఊరి నది ఎక్కేటప్పుడు వంతెన మీద నిలబడి చూస్తుంటాను. పిల్లలు ఏదైనా కష్టమైన సంగతి అడిగితే, ముందుగా నోటికొచ్చేది ఊరడించే మాటే. దాన్ని కాసేపు ఆపి, నాకు నిజంగా తెలుసా అని చూసుకుంటాను. తెలియకపోతే తెలియదనే చెబుతాను, చెప్పాక వాళ్ళ పక్కనుంచి లేచి వెళ్ళను.