పరుగు రోజున నాకు వేసిన కుర్చీ

రిపబ్లిక్ డే నాడు నేను స్టేజీని అవమానించానని మా అపార్ట్‌మెంట్ సొసైటీ వాట్సాప్ గ్రూపులో రాశారు. రాసుకోనీండి. మిలిటరీ వదిలి వచ్చినవాణ్ణి ఏం చెయ్యాలో మన జనానికి రెండే తెలుసు. శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెట్టడం, లేదా గేటు దగ్గర సెక్యూరిటీగా నిలబెట్టడం. ఇంటికొచ్చిన నాలుగు రోజుల్లో నాకు రెండూ తగిలాయి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా ఆఖరి డ్యూటీ ఆఫ్రికాలో, శాంతిసేనలో. నెత్తిన నీలిటోపీ, చుట్టూ ముళ్లకంచె, కంచె లోపల ఎర్రమట్టి దారి. కుర్రతనంలో మా బెటాలియన్‌కి పరుగంటే నేనే. వయసు పైబడ్డాక మెడల్స్ ఆగాయి గానీ పరుగు ఆగలేదు. కంచె దాటడానికి వీల్లేదు కనక గానుగెద్దులా ఆ దారిలోనే తిరిగేవాణ్ణి.

నా భార్యది ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. మయూర్ విహార్‌లో ఒక సొసైటీ ఫ్లాటులో ఆవిడా, పదో తరగతి చదివే మా అమ్మాయీ ఉండేవారు. మాది శ్రీకాకుళం వైపు. అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచేది కాదు. తిన్నావా, చదివావా, అంతటితో సరి. ఒకరోజు నేను పరుగులో ఉండగా తనే ఫోన్ చేసింది. నా రొప్పు విని, "ఆప్ దౌడ్ రహే హో? రుకో పాపా, మై భీ ఆతీ హూఁ" అని, అంటే ఆగు నాన్నా నేనూ వస్తున్నా అని, బూట్లు వేసుకుని కిందికి దిగింది.

అప్పటినుంచి అదే మా అలవాటు. అక్కడ ఎండ వాలే వేళకి ఇక్కడ చీకటి పడేది. అమ్మాయి సొసైటీ ప్రహరీ వెంట, నేను కంచె వెంట. ఇద్దరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు. మాటలుండవు. దాని ఊపిరి నేను వినేవాణ్ణి, నా ఊపిరి అది వినేది. అలిసిందో, మొండికేసి లాగుతోందో చప్పుణ్ణిబట్టే తెలిసిపోయేది. నెట్‌వర్క్ పోతే ఎక్కడివాళ్లం అక్కడే ఆగి, మళ్లీ కలిసేదాకా ఎదురుచూసేవాళ్లం.

"పెన్షన్ మీద వచ్చేస్తున్నాను తల్లీ" అని చెప్పిన రోజున అది అడిగింది ఒక్కటే. రిపబ్లిక్ డే నాడు సొసైటీలో పరుగుందట, అందులో ఇద్దరం పక్కపక్కన పరిగెత్తాలి. "సచ్‌ముచ్ సాథ్ మే? ప్రామిస్?" అంది. నిజంగా కలిసే పరిగెడదాం, ప్రామిస్ అన్నాను.

మిషన్ నుంచి వచ్చి, రెజిమెంట్ సెంటర్లో రైఫిలూ కిట్టూ అప్పగించి ఇల్లు చేరేసరికి ఆ పండగకి మూడు రోజులే మిగిలాయి. పిల్లకి ప్రీబోర్డు పరీక్షలు, పొద్దున్న లేస్తే పుస్తకాల ముందే. సరే, ఆ రోజుకే చూసుకుందాం అనుకున్నాం.

మర్నాడు ఒక్కణ్ణే పార్కులో పరిగెత్తాను. సాయంత్రానికల్లా సొసైటీ సెక్రటరీ మా ఇంట్లో ఉన్నాడు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, మెడకి మఫ్లరు. పార్కులో వాకింగ్ చేసే ఆంటీలు భయపడుతున్నారట, కాస్త నడవండి అన్నాడు. నడవాలట! టీ తాగుతూ, "సొసైటీ సెక్యూరిటీ మీరే చూసుకోండి, గేటు దగ్గర ఫౌజీ ఉంటే ఆ రౌబే, ఆ దర్జాయే వేరు" అన్నాడు. అక్కడ ఏం చేశారు, ఎలా ఉన్నారు, ఒక్క ముక్క అడగలేదు. చివరికి కప్పు కింద పెట్టి, రిపబ్లిక్ డేకి మీరే చీఫ్ గెస్ట్ అని ప్రకటించాడు.

"నేను మా అమ్మాయితో పరిగెత్తాలి" అన్నాను.

"అరే ఫౌజీ సాబ్, ఆప్ క్యోఁ దౌడేంగే? ఆప్ తో చీఫ్ గెస్ట్ హైఁ!"

నేనెందుకు పరిగెత్తాలట! చీఫ్ గెస్టుకి కాళ్లుండవు కాబోలు. జెండా ఊపి వెంటనే దిగిపోతాను, అయితేనే వస్తాను అని తెగేసి చెప్పాను. "ఠీక్ హై, ఠీక్ హై" అంటూ లేచాడు. అతను లిఫ్టెక్కగానే నా భార్య వంటింట్లోంచి, "ఏటి నమ్ముతారండీ ఆ ఠీక్ హైని? మా ఆఫీసులో ఠీక్ హై అంటే కాదనే" అంది.

రిపబ్లిక్ డే ఉదయం మంచులో పొగ కలిసి గొంతు గరగరలాడుతోంది. షామియానా కింద స్టేజీ, తెల్లగుడ్డ చుట్టిన కుర్చీలు. నేను ట్రాక్ సూటులో వెళ్తే సెక్రటరీ మొహం మాడ్చుకున్నాడు. మా అమ్మాయి ముందు వరసలో నిలబడి నాకేసి చూస్తూ, తన పక్కన కాస్త చోటు వదిలి పెట్టింది. జెండా వందనం అయ్యాక పచ్చజెండా ఊపాను. ఊపి, మెట్లవైపు అడుగు వేశాను.

సెక్రటరీ మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏక్ మినట్ సాబ్, సమ్మాన్ బాకీ హై."

ఒక్క నిమిషమే కదా అని ఆగాను. అదే నా బుద్ధి తక్కువ. దండ, శాలువా, పూలగుత్తి, ఫోటో. ఫోటో సరిగా రాలేదని మళ్లీ దండ. ఈలోగా పరిగెత్తేవాళ్లంతా గేటు దాటిపోయారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మైకు అందుకుని, సరిహద్దుల్లో మంచుకొండల మీద నేను దేశాన్ని కాపాడానని మొదలెట్టాడు సెక్రటరీ. ఏ మంచుకొండలు నాయనా? పరాయి ఊళ్లో ఆడవాళ్లు బావికి వెళ్లొచ్చేదాకా దారి పక్కన ఎండలో కాపలా కాశాను నేను. అది చెబితే చప్పట్లు రావు కాబోలు. మరి లేచి పోవచ్చుగా అంటారు. జాతీయజెండా ఎదురుగా, మైకులో నా గురించే చెబుతుంటే, పై ఆఫీసరు పొమ్మనకుండా లేవడం ఇన్నేళ్లలో ఏనాడూ అలవాటు లేదు. కాళ్లు పరుగుకి లాగుతున్నా కొయ్యబొమ్మలా కూర్చున్నాను. మర్యాద చేస్తున్నారట! ఆ మర్యాదకన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

జేబులో ఫోన్ వణికింది. శాలువా చాటున ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకున్నాను.

మాట లేదు. ఊపిరి. తెగి తెగి వస్తోంది. డొక్కలో పట్టేసింది దానికి, నాకు తెలిసిపోయింది.

"పాపా? ఆప్ కహాఁ హో?"

"స్టేజీ మీదే తల్లీ."

నెమ్మదిగా అంది. "యహాఁ భీ ఫోన్ పే హీ?"

ఇక్కడ కూడా ఫోన్లోనేనా అంది నా కూతురు. సముద్రాలు దాటి వచ్చానే, గేటు బయట రోడ్డు మీదుందే అది!

లేచాను. "బైఠియే, బైఠియే ఫౌజీ సాబ్" అంటూ భుజం మీద చెయ్యేశాడు సెక్రటరీ. "కూచోడానికా నేనొచ్చింది!" అని అరిచాను. తెలుగులోనే అరిచాను, అయినా అందరికీ అర్థమైంది. దండ తీసి కుర్చీలో పడేశాను. వెనక వరసలోంచి నా భార్య గొంతు, "ఆ శాలువా కూడా పడేసి ఎల్లండి!"

పొగమంచులో పడి పరిగెత్తాను. ముందు వెళ్లినవాళ్లు అప్పుడే తిరిగొస్తున్నారు. "అంకుల్, ఖతమ్ హో గయా" అని నవ్వాడెవడో. వాడి మొహం, నాకేం ఖతం కాలేదు. నాలా మీది వంతెన దగ్గర మా అమ్మాయి డొక్క పట్టుకుని నడుస్తూ కనిపించింది. నా అడుగుల చప్పుడు విని ఆగి, వెనక్కి తిరిగింది. దగ్గరికొచ్చేదాకా కన్నార్పకుండా చూస్తూ నిలబడింది. కోపంగా ఉందనుకున్నాను.

"పాపా" అంది, "మైనే ఆప్‌కో దౌడ్తే హుఏ కభీ దేఖా హీ నహీఁ థా."

నేను పరిగెత్తడం అదెప్పుడూ చూడలేదట. నిజమే. సెలవుకి వచ్చినప్పుడల్లా అది లేవకముందే పరిగెత్తి వచ్చేసేవాణ్ణి. ఏడాదంతా నా పరుగు విన్నదే గానీ చూసింది లేదు.

"నోటితో గాలి వదులు, నొప్పి తగ్గుతుంది" అన్నాను.

గాలి వదిలింది. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, నా చేతిలో పెట్టి, పరుగు మొదలెట్టింది.