ఆకు దూయని మల్లెపొద

పొద్దున్నే బాల్కనీలోకి పచ్చి ఆకు వాసన కొట్టింది. తొంగి చూస్తే, మా పీర్జాదిగూడ అపార్ట్‌మెంట్ గేటు పక్కన తోటమాలి మల్లెపొద ఆకు దూస్తున్నాడు. చలి వెనకబట్టే ఈ రోజుల్లో నీళ్లు ఆపి ఆకు దూసేస్తే వేసవికి మల్లె విరగబూస్తుంది. అందులో తప్పేం లేదు. కానీ పిగిలిపిట్టల జంట అతని నెత్తిమీదే తిరుగుతూ గోలగోలగా అరుస్తోంది. అతనికి చెవులు లేవా? నా ఒళ్లు మండిపోయింది. ఈ మంట నాకు పుట్టుకతో వచ్చింది కాదు. చిన్నప్పుడు నాచారంలో మేం అద్దెకున్న ఇంటి ఓనరాంటీ సుగుణమ్మ దగ్గర అంటుకున్నది.

కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చిన మా నాన్నకు గొడవంటే భయం. "మనకెందుకమ్మా" అన్నది మా ఇంట్లో రోజూ వినబడే మాట. ఆంటీ గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. ఆమె పెరట్లోని మల్లెలు వేసవంతా ఆ వీధి ఆడవాళ్ల జడల్లో ఉండేవి. ఒక మాఘమాసం ఆకు దూయబోయి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కొమ్మల మధ్య చిన్న గిన్నెలాంటి పిగిలిపిట్ట గూడు, అందులో ఎర్రచుక్కల గుడ్లు. "ఈ యేడు పూలు లేవు, పోండ్రి" అని వీధిలో అందరికీ చెప్పేసింది.

ఆ పొద ఉన్నచోట కారు పెట్టుకోవాలని ఆమె మరిది నర్సింలుకు ఎప్పటినుంచో ఆశ. ఆంటీ ఉప్పల్‌కు కూరగాయలకు వెళ్లిన వేళ చూసి, నరకడానికి వీలుగా ఆకు దూయడం మొదలుపెట్టాడు. సగం పొద బోడి అయ్యేసరికి ఎండ నేరుగా గూటిమీద పడింది, గోడమీదికి కాకి వచ్చింది. అప్పుడే వచ్చిన ఆంటీ సంచి గేటు దగ్గరే పడేసింది.

"ఎవడు జెప్పిండురా నీకు? కండ్లు పెట్టి సూసినవా?"

"పిట్టలకేంది వదినె, ఇంకో చెట్టు దొరకదా?"

"నీ ఇల్లు గూలగొట్టి ఇంకోటి సూస్కో అంటే పోతవా?"

మెట్లమీద నిలబడ్డ మా నాన్న, "పోనీలెండమ్మా, అయిపోయిందిగా" అన్నాడు.

ఆంటీ ఆయన వైపు తిరిగింది. "ఏడ అయిపోయింది సార్? గుడ్లు ఇంక ఉన్నయి గద!"

పాత చీర తెచ్చి కిటికీ ఊచలకూ గోడ మేకుకూ కట్టి నీడ చేసింది. కర్ర పట్టుకుని కుర్చీలో కూర్చుంది. పిట్టపిల్లలు ఎగిరేదాకా ఆ కుర్చీ అక్కణ్నుంచి కదల్లేదు. పూలు లేవని సణిగినవాళ్లను కూడా అక్కణ్నుంచే తిట్టింది.

ఆమె పోయాక నర్సింలు ఆ పెరడంతా సిమెంటు చేయించాడు. అటు వెళ్లినప్పుడల్లా ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

బాల్కనీలోంచి పరుగున కిందికి దిగాను. తోటమాలి పక్కనే మా అసోసియేషన్ సెక్రటరీ ఉన్నాడు. "సగం అయిపోయింది కదా మేడం, ఇప్పుడు ఆపి ఏం లాభం?" అని నవ్వాడు.

కొమ్మలు పక్కకు జరిపి చూశాను. రెండు గుడ్లు.

"ఏడ అయిపోయింది?" అన్నాను. అంత గొంతు నాకుందని నాకే తెలియదు. పై అంతస్తుల్లో కిటికీలు తెరుచుకున్నాయి. చున్నీ తీసి గేటు ఊచలకు కట్టడం మొదలుపెట్టాను.

"వాచ్‌మన్ కుర్చీ ఇటు తెప్పించండి. ఓ కర్ర కూడా."